సంఘానికి దర్శనం కావాలంటే ముందు రిజిస్టరు తీయండి

జనవరి వస్తే మా వైపు ప్రతి మందిరం ముందూ ఒక ఫ్లెక్సీ లేస్తుంది. పైన ఆ ఏటి వాగ్దాన వచనం, పక్కన అయ్యగారూ అమ్మగారూ, కింద పెద్దక్షరాలతో "మా దర్శనం". ఆ అక్షరాల కింద ఏముందో ఆగి చదవండి. స్లాబు, ప్రహరీ, మైకు సెట్టు, ఈమధ్య కొత్తగా ఎల్‌ఈడీ తెర. స్లాబు కావాల్సిందే, నెత్తిన వాన కారుతుంటే ఎవరు వాక్యం వింటారు? కానీ స్లాబుకి దర్శనం అక్కర్లేదు. మేస్త్రీని పిలిచి కొలతలు చూపిస్తే ఎస్టిమేటు ఇస్తాడు.

నేను టంగుటూరుకీ కొండపికీ మధ్య ఒక పల్లెలో సంఘ సెక్రటరీని. బడిలో పంతులమ్మగా చేసి రిటైరయ్యా, సండే స్కూలు మాత్రం ఇంకా నా చేతిలోనే ఉంది. చుట్టుపక్కల సంఘాల యవనస్థులు అప్పుడప్పుడూ ఇంటికొస్తారు, "టీచరమ్మా, మా పెద్దలు సంఘానికి దర్శనం రాయమన్నారు, ఎట్టా రాయాలి" అని. వాళ్లకి అరుగు మీద కూర్చోబెట్టి చెప్పేదే ఇక్కడ రాస్తున్నా. మాది బాప్టిస్టు సంఘం. మీ సంఘంలో పద్ధతులు వేరైతే ఆ మేరకు మార్చుకోండి.

సామెతలు 29:18 అందరికీ నోటికొచ్చు: "దేవోక్తి లేనియెడల జనులు కట్టులేక తిరుగుదురు." దేవోక్తి అంటే ఇక్కడ దేవుడిచ్చే దర్శనమే. ఆ వచనానికి బెంగంతా జనం గురించే. అందుకే నా లెక్కలో ఆత్మీయ దర్శనం అంటే, దేవుడు ఇప్పటికే మన కళ్లముందు పెట్టిన మనుషుల్ని ఆయన చూసినట్టు చూడటం, చూశాక మనమేం చేయాలో ఒప్పుకోవటం. పేర్లు లేని దర్శనపత్రం ఎవరైనా తెచ్చిస్తే నేను చదవకుండానే తిరిగిచ్చేస్తా. కాస్త మొండితనమే, తెలుసు.

బల్ల మీద నాలుగు పుస్తకాలు

సభ్యుల రిజిస్టరు, బాప్తిస్మాల రిజిస్టరు, కానుకల పుస్తకం, సండే స్కూలు హాజరు పట్టీ. ఈ నాలుగూ ఒకే బల్ల మీదకి రావాలి. సెక్రటరీ దగ్గరొకటి, కోశాధికారి బీరువాలో ఒకటి, పోయిన పాస్టరుగారు తీసుకెళ్లిన పెట్టెలో ఒకటి ఉంటే ముందు వాటిని పోగు చేయటమే పెద్ద పని. ముగ్గురు కూర్చోండి: సెక్రటరీ, స్త్రీల సమాజం నుంచి ఒకరు, ఇంకా పెళ్లికాని కుర్రాడో పిల్లో ఒకరు. స్త్రీల సమాజం మనిషి తప్పనిసరి. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ఆమెకి తెలిసినంత పెద్దలకి తెలియదు. పాస్టరుగారిని మొదటిరోజు పిలవొద్దు. ఆయన ఎదురుగా ఉంటే అందరం మంచిమాటలే మాట్లాడతాం.

పెన్సిలు తీసుకుని మూడు రకాల గుర్తులు పెట్టండి. ఊళ్లోనే ఉండి మూడు నెలలుగా మందిరానికి రానివాళ్లకి చుక్క. ఊరు దాటినవాళ్లకి గీత: హైదరాబాదులో వాచ్‌మెన్ పనికి పోయినవాళ్లు, చెన్నైకి కట్టడం పనులకి పోయినవాళ్లు, చీమకుర్తి గ్రానైటు క్వారీల దగ్గరే కాపురం పెట్టినవాళ్లు. వస్తూనే ఉన్నా కానుక ఆగిపోయినవాళ్లకి సున్నా. ఈ సున్నా దగ్గర జాగ్రత్త. కోశాధికారి కంటికి అది బాకీలా కనిపిస్తుంది. నా అనుభవంలో ఇంట్లో అప్పో జబ్బో తాగుడో మొదలైతే మొదట తెలిసేది ఆ పుస్తకంలోనే. మనిషి చెప్పుకోలేనిది కానుకల పుస్తకం చెప్తుంది.

మా దాంట్లో చుక్క పడిన ఒక పెద్దమ్మ సంగతి చెప్తా. కనిగిరి వైపు నుంచి కోడలిగా వచ్చిన మనిషి. ఆ ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన కాళ్లు, మోకాళ్లు వంగవు. మందిరానికి రావటం మానేసింది. పెద్దల మీద అలిగిందనీ, పెళ్లి పిలుపు దగ్గర మాటపట్టింపు వచ్చిందనీ ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు. చుక్క పడింది కదా అని స్త్రీల సమాజం నుంచి ఒకావిడ వెళ్లి అడిగితే ఆమె అన్న మాట ఇది: "ఏందమ్మా, నేను రాకపోవటమేంది? ప్రతి ఆదివారం గోడ పక్కన రాయి మీద కూర్చుని మైకులో వాక్యం వింటన్నా గదా. లోపలికి ఎట్టా ఎక్కేది?" అసలు సంగతి ఏందంటే, మందిరానికి కొత్త స్లాబు వేసినప్పుడు వరద నీళ్లు రాకుండా నేల ఎత్తు పెంచారు, మెట్లు నాలుగయినాయి, పట్టుకోవటానికి ఏమీ లేదు. ప్రభురాత్రి భోజనం ఇచ్చే ఆదివారాలు కూడా ఆమె బయటే. లోపల బల్ల చుట్టూ మేమందరం, గోడకి అవతల ఆమె.

సంఘంలో వెల్డింగు పని చేసే అబ్బాయి ఒక సాయంత్రం ఇనప పైపు తెచ్చి మెట్ల పక్కన బిగించాడు, మెట్ల మధ్యలో సగం మెట్టు ఇంకోటి పోసారు. అంతే పని. అయితే ఆ పైపు వచ్చిన తర్వాత ఆమె ఒక్కతే కాదు, చుక్కలు పడిన ఇంకో ఇద్దరు ముసలివాళ్లు కూడా లోపలికొచ్చారు. స్లాబు వేసినప్పుడు వారం వారం ఉపవాస ప్రార్థనలు పెట్టుకున్నాం, దర్శనం అన్నాం, సాక్ష్యాలు చెప్పుకున్నాం. మెట్లు మాత్రం ఎవరికీ కనపడలేదు.

రాత్రిపూట తిరగటం

రిజిస్టరు తర్వాత పని కాళ్లది. నెహెమ్యా రెండో అధ్యాయం ముగ్గురూ కలిసి చదవండి. రాజు దగ్గర సెలవూ ఉత్తరాలూ కలపా అన్నీ సంపాదించుకుని కూలిన గోడ కట్టటానికి యెరూషలేముకి వచ్చిన మనిషి నెహెమ్యా, వచ్చీ రాగానే సభ పెట్టలేదు. మూడు రోజులు ఊరుకున్నాడు. తర్వాత రాత్రివేళ కొద్దిమందితో, ఒక్క పశువు మీద, పడిపోయిన గోడ చుట్టూ తిరిగాడు. ఒకచోట ఆ పశువు దాటటానికి కూడా దోవ లేదు. అధికారులకి గానీ యాజకులకి గానీ అప్పటిదాకా ఒక్క ముక్క చెప్పలేదు. చూసిన తర్వాతే, "మనకు కలిగిన శ్రమ మీకు తెలిసియున్నది" అని నోరు తెరిచాడు. మన సంఘాల్లో ఇది తలకిందులు. ముందు ప్రకటన, తర్వాత ఫ్లెక్సీ, చూడటం ఎప్పుడో.

పల్లెని వేర్వేరు వేళల్లో చూడండి. ఆదివారం పదింటికి కనిపించే సంఘం వేరు, మంగళవారం తెల్లారుజామున నాలుగింటికి కనిపించేది వేరు. మా వైపు పొగాకు సీజనులో శ్రమదినాలు, అంటే ఈస్టరుకి ముందు నలభై రోజుల ప్రార్థన దినాలు, వస్తాయి. గృహ కూడికలు సాయంత్రం ఏడింటికి పెట్టటం ఎప్పటినుంచో అలవాటు. ఏటా పెద్దల మాట ఒకటే: "ఆడవాళ్లలో భక్తి తగ్గిపోయింది, కూడికకి పదిమంది రారు." అదే వేళకి బయటకొచ్చి నిలబడితే కథ తెలుస్తుంది. ఆకు కొట్టి, కర్రలకి కట్టి, ఆకు కాల్చే కొట్టు బ్యారన్‌లోకి ఎక్కించి ఇంటికొచ్చేసరికి వాళ్లకి ఎనిమిది. చేతులకి పొగాకు జిగురు నల్లగా పట్టి ఉంటుంది, కడుగుతుంటేనే అరగంట పోతుంది. మధ్యాహ్నం అన్నాల వేళ షెడ్డు దగ్గర వేపచెట్టు కింద పావుగంట ప్రార్థన పెట్టుకోవచ్చా అని ముందు ఆసామిని అడిగాం. ఆయన హిందువు. "పెట్టుకోండమ్మా, మా మనవడికి జ్వరం తగ్గట్లేదు, వాడి పేరు కూడా చెప్పండి" అన్నాడు. ఇప్పుడు మా శ్రమదినాల కూడికల్లో నిండుగా ఉండేది ఆ చెట్టు కింద జరిగేదే.

మగవాళ్ల సంగతి వేరే. ఆకు కాల్చటానికి ఒక్కో దఫాకి దాదాపు వారం పడుతుంది, రాత్రీ పగలూ మంట ఆరకూడదు, వేడి ఎక్కువైనా తక్కువైనా సరుకు పోతుంది. అందుకని బ్యారన్ దగ్గర రాత్రంతా ఒక మనిషి ఉంటాడు. టార్చి వేసి చిన్న అద్దంలోంచి లోపలి థర్మామీటరు చూడటం, పొయ్యిలోకి కట్టె తోయటం, మళ్లీ నులక మంచం మీద వాలటం. మాట్లాడేవాడు ఉండడు. తాగుడు ఎక్కువగా అలవాటయ్యేది ఆ మంచం మీదే. మా పాస్టరుగారు ఇప్పుడు సీజనులో వారానికి రెండు రాత్రులు బ్యారన్లు తిరుగుతాడు, ఫ్లాస్కులో టీ పట్టుకుని. వాక్యం చెప్పడు. వాళ్లే మాట్లాడతారు, ఆయన వింటాడు. పోయే ముందు చిన్న ప్రార్థన. ఆయన ప్రసంగాలు కూడా దాంతో మారాయి, కాస్త చిన్నవయ్యాయి. అది నేను వేరే కృతజ్ఞతగా లెక్కేసుకుంటా.

మీ ఊరు సముద్రం ఒడ్డున ఉంటే రొయ్యల చెరువుల కాపలావాళ్లని చూడండి, ఉప్పు కొటారులుంటే వాటి వేళలు చూడండి. వేలం కేంద్రాల దగ్గర బేళ్లు ఎత్తే కూలీలు ఏ పూట ఖాళీగా ఉంటారో అడగండి. సంఖ్యాకాండం పదమూడు, పద్నాలుగు అధ్యాయాల్లో ఉంది: మోషే పంపిన పన్నెండుమంది ఒకే దేశం తిరిగొచ్చారు, ఒకే ద్రాక్షగెల మోసుకొచ్చారు. పదిమందికి ఉన్నతదేహులు కనపడ్డారు, తాము మిడతల్లా కనపడ్డారు. ఇద్దరికి మాత్రం దేవుడు మాటిచ్చిన నేల కనపడింది. కాబట్టి ఒక్కరే తిరిగొచ్చి చెప్పిన దాన్ని నమ్మొద్దు. ముగ్గురూ తిరగాలి, చూసింది వేర్వేరుగా రాయాలి, తర్వాత కలిపి చదవాలి. తేడా వచ్చిన చోటే అసలు మాటలుంటాయి.

ప్రార్థన ఎక్కడ పెట్టాలి

"ఇదంతా సర్వేలా ఉంది, ప్రార్థన ఏదమ్మా" అని ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. చూసొచ్చిన తర్వాత పెట్టాలి, చేతిలో పేర్లతో.

బేత్సయిదా గుడ్డివాడి సంగతి మార్కు ఎనిమిదిలో ఉంది. యేసు మొదటిసారి ముట్టుకున్నాక ఏమైనా కనిపిస్తుందా అని అడిగితే, మనుషులు కనిపిస్తున్నారు గానీ చెట్లు నడుస్తున్నట్టున్నారు అన్నాడు. ప్రభువు రెండోసారి కళ్లమీద చేతులుంచాకే తేటగా కనపడింది. రిజిస్టరూ, ఊరు తిరగటమూ మనల్ని తెచ్చేది ఆ మొదటి చూపు దాకానే. అక్కడ ఆగిపోతే మనిషి మనకి హాజరు లెక్కో, చందా లెక్కో, పెద్దల ఎన్నికల్లో చెయ్యెత్తే ఓటో అవుతాడు. ఆగిపోయిన సంఘాలు మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ రెండో స్పర్శ కోసమే ప్రార్థన.

మేం చేసే పద్ధతి ఇది. శనివారం సాయంత్రం, మైకు లేకుండా. గుర్తులు పడిన పేర్లు చీటీల మీద రాసి వచ్చినవాళ్లకి తలా రెండు పంచుతాం. మొదటి పావుగంట ఎవరూ నోరు విప్పకూడదు. చీటీలో పేరున్న మనిషి గురించి ఒక్క ప్రశ్నే దేవుణ్ణి అడగాలి: ప్రభువా, ఈ మనిషిలో నాకు కనపడనిది ఏముంది? మన వాళ్లకి మౌనంగా కూర్చోవటం మహా కష్టం. మొదటిసారి ఐదు నిమిషాలకే ఎవరో స్తోత్రం ఎత్తుకుంటారు. ఎత్తుకోనివ్వండి, రెండోసారికి అలవాటవుతుంది. తర్వాత ఒక్కొక్కరూ తమకి తోచింది చెప్పాలి. తోచనివాళ్లు తోచలేదని చెప్పొచ్చు, అది తప్పేమీ కాదు.

ఆ చీటీలు ఇంటికి పట్టుకుపోయి బైబిల్లో పెట్టుకోవాలి. వాగ్దాన కార్డు పక్కనే పెట్టుకోమంటా నేను. జనవరి ఒకటిన తీసిన కార్డు మనకేం వస్తుందో చెప్తుంది. చీటీ మనం ఎవరి దగ్గరికి పోవాలో చెప్తుంది. ఇంట్లో కూడా ఇదే పద్ధతి. భర్త పేరు, కోడలి పేరు, మాట్లాడటం మానేసిన తోడికోడలి పేరు ఒక చీటీ మీద రాసుకుని వారం రోజులు అదే ప్రశ్న అడగండి. ఇంతకంటే ఇంటి సంగతి నేను చెప్పను, ఎవరి ఇల్లు వాళ్లకి తెలుసు.

మన నేల మీద ఇది ముందే జరిగింది

యవనస్థులకి ఈ భాగం తప్పక చెప్పండి. విదేశాల ఉదాహరణలు ఎందుకు, ఒంగోలులోనే ఉంటే.

అమెరికన్ బాప్టిస్టులు తెలుగువాళ్ల మధ్య పని మొదలుపెట్టింది 1836లో. 1840లో డే దొర నెల్లూరు చేరాడు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి వాళ్లకి పటం మీద నెల్లూరు ఒక్కటే చుక్క, ఫలితం వేళ్లమీద లెక్కపెట్టేంత. 1853లో అమెరికాలో వాళ్ల సభల్లో తెలుగు మిషను మూసేద్దామా అన్న చర్చే వచ్చింది. "ఒంటరి నక్షత్రం" అన్న పేరు అప్పుడు వచ్చిందే. లెక్కల పుస్తకం ప్రకారం మూసేయమన్నవాళ్లది తప్పు కాదు.

1854 జనవరి ఒకటిన, తెల్లవారుజామున, ఒంగోలు కొండ మీద ఐదుగురు ప్రార్థన చేశారు. నెల్లూరు నుంచి వచ్చిన జ్యుయెట్ దొర, ఆయన భార్య, వాళ్లతో పాటు నరసు, జూలియా, రూతు అనే తెలుగు విశ్వాసులు. కింద కనిపించే ఒంగోలులో అప్పటికి వాళ్ల మిషను లేదు. ఈ ఊరికి ఒక మనిషిని పంపమని అడిగారు. మనం గుర్తుపెట్టుకోవాల్సింది, ఆ ఐదుగురిలో ముగ్గురు మనవాళ్లు, ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. కథ చెప్పేటప్పుడు దొర పేరు ఒక్కటే చెప్పి దిగిపోతాం.

మనిషి వెంటనే రాలేదు. జ్యుయెట్ దొర ఆరోగ్యం చెడి 1862లో అమెరికా వెళ్లాడు. 1865లో తిరిగొస్తూ క్లౌ దొర దంపతుల్ని వెంటబెట్టుకొచ్చాడు. 1866లో క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టాడు. కొండ మీద ప్రార్థనకీ దీనికీ మధ్య పన్నెండేళ్లు. మన సంఘాల్లో ఐదేళ్లకోసారి పాస్టరుగారు మారతారు, మారగానే దర్శనం కూడా మారుతుంది.

ఇప్పుడు అసలు ఘట్టం. అదే 1866లో తాళ్లకొండపాడు యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య మాదిగ, తోళ్ల వ్యాపారం మీద ఊరూరూ తిరిగిన మనిషి. ఆ దారుల వెంటే సువార్త పల్లెలకి పాకింది. మరోవైపు ఒంగోలులో పెద్దకులాలవాళ్లు తమ పిల్లల్ని బడికి పంపుతూ దొరకి దగ్గరవుతున్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అని వాళ్లు తేల్చి చెప్పారు. ఏ లెక్కన చూసినా తెలివైనవాడు పెద్దకులాలనే పట్టుకుంటాడు, వాళ్లొస్తే ఊరంతా వస్తుందని. ఆ సందిగ్ధంలో దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరి కళ్లూ ఒకే చోట పడ్డాయని చెప్పుకుంటారు, మొదటి కొరింథీ 1:26: జ్ఞానులైనవారు, ఘనులైనవారు, గొప్ప వంశమువారు అనేకులు పిలవబడలేదు. దాంతో ఆలోచన ఆగిపోయింది. వాకిట్లో నిలబడ్డవాళ్లనే చేర్చుకున్నారు. నేను ఈ రోజు ఈ నాలుగు అక్షరాలు రాస్తున్నానంటే మా ముత్తాతల వాకిలి ఆ రోజు ఎవరికో కనపడబట్టే.

తర్వాత 1876, 1878ల మధ్య పెద్దకరువు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకి తీసుకుని జనానికి కూలి చూపించాడు. సాయంత్రాలు ఆ తవ్వినచోటే వాక్యం. అయితే కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మం అడిగినవాళ్లకి ఇవ్వలేదు. కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు పనులు అయిపోయాక, ఇంక ఇవ్వటానికి డబ్బులు లేవు పొమ్మన్నాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఇద్దరు ఇద్దరు చొప్పున మారుతూ ఆరుగురు బోధకులు ఇచ్చారు. వెల్లంపల్లి అనగానే ఇప్పుడు మనకి పొగాకు వేలం గుర్తొస్తుంది. యవనస్థుల్ని ఒకసారి గుండ్లకమ్మ ఒడ్డుకి తీసుకెళ్లి ఈ సంగతి అక్కడే చెప్పండి. 2,222 అంకె ఫ్లెక్సీల మీద వేసుకుంటాం, దాని వెనకున్న నిరాకరణ వేసుకోం. ఇవ్వగలిగి కూడా ఆగటం ఎంత కష్టమో క్రిస్మస్‌కి చీరలు పంచే సంఘాలకి తెలియాలి.

రాయటం

హబక్కూకు 2:2లో దేవుడు దర్శనాన్ని పలక మీద స్పష్టంగా రాయమన్నాడు, చదివేవాడు పరుగెత్తుతూ చదవగలిగేటట్టు. దీన్ని ఉన్నదున్నట్టు పాటించండి. సండే స్కూలు నల్లబల్ల తెచ్చి ఒకే వాక్యం రాయండి. నాలుగో తరగతి పిల్లని పిలిచి చదివించి, "దీని ప్రకారం మనమేం చేస్తామమ్మా" అని అడగండి. ఆ పిల్ల చెప్పలేకపోతే చెరిపేయండి.

"గ్రామమంతయు క్రీస్తు కొరకు" అని రాస్తారు. ఆ పిల్ల చదువుతుంది, చెప్పలేదు. "ఈ క్రిస్మస్‌లోపు హైదరాబాదులో ఉన్న మన కుటుంబాలన్నిటి ఫోను నంబర్లు రాసుకుని, ఒక్కో కుటుంబంతో నెలకోసారి మాట్లాడే మనిషిని పెడతాం." ఇది చెప్పగలదు. "చుక్క పడిన ప్రతి ఇంటికీ శ్రమదినాల్లోగా ఇద్దరు వెళ్లి, రమ్మని అడక్కుండా, ఎట్టా ఉన్నారని అడిగొస్తారు." ఇదీ చెప్పగలదు. ఎవరు, ఎవరి దగ్గరికి, ఎప్పటిలోగా. ఏడాదికి ఒక్కటి చాలు, మహా అయితే రెండు. దశాబ్దాల దర్శనాలు దొరలకి వదిలేద్దాం. వాళ్లూ మొదలుపెట్టింది ఒక్క ఊరికి ఒక్క మనిషిని అడిగే.

రాసిన వాక్యం పక్కన పోయిన ఏడాది జమాఖర్చుల పుస్తకం పెట్టి చదవండి. ఇక్కడే గొడవ మొదలవుతుంది, మొదలవ్వాలి. లైటింగుకీ మైకుకీ సభలకొచ్చిన ప్రసంగీకుల కారు బాడుగకీ ఎంత పోయింది, ఇంటర్ ఫీజు కట్టలేక చదువు మానేసిన పిల్లకి ఎంత పోయింది. రెండో అంకె దగ్గర సున్నా ఉంటే బల్ల మీద వాక్యం ఎంత బాగున్నా మీ సంఘం దర్శనం మొదటి అంకే. కోశాధికారికి కోపం వస్తుంది. ఆయన్ని తప్పుపట్టొద్దు, ఆయన ఖర్చు పెట్టింది మనం చెయ్యెత్తిన తీర్మానాల ప్రకారమే.

"ప్రభువు నాకు చూపించాడు" అన్నప్పుడు

ప్రతి సంఘంలో ఎవరో ఒకరు లేస్తారు. కలొచ్చిందనో, ఉపవాసంలో ప్రభువు చూపించాడనో చెప్తారు. ఎగతాళి చేయొద్దు. అట్టాగని తీర్మానం కూడా రాసేయొద్దు. ఇద్దరు ముగ్గురు మాట్లాడొచ్చు, తక్కినవాళ్లు వివేచించాలి అని పౌలు రాశాడు, మొదటి కొరింథీ 14:29. వివేచన అంటే అనుమానం అనుకుంటారు మనవాళ్లు, అందుకే పెద్దల సభలో ఎవరూ నోరెత్తరు.

త్రోయలో పౌలుకి రాత్రి దర్శనం వచ్చిన సంగతి అపొస్తలుల కార్యములు 16లో నింపాదిగా చదవండి. మాసిదోనియ దేశస్థుడు నిలబడి వచ్చి సాయం చేయమన్నాడు. దర్శనం చూసింది పౌలు ఒక్కడే. కానీ తర్వాతి వచనంలో దేవుడు పిలిచాడని నిశ్చయించుకున్నది అందరూ, ఆ పుస్తకం రాసిన లూకాతో సహా. ఇంకో సంగతి. కలలో కనిపించింది మగవాడు. ఫిలిప్పీకి పోయి విశ్రాంతిదినాన ఏటి ఒడ్డుకి వెళ్తే అక్కడ కూర్చున్నది ఆడవాళ్లు, వాళ్లలో ఊదారంగు పొడి అమ్మే లూదియ. "నాకు చూపించింది మగవాణ్ణి కదా" అని పౌలు వెనక్కి తిరగలేదు. దర్శనం బయల్దేరదీస్తుంది, ఎదురయ్యే మనిషి ఎవరన్నది అక్కడికి పోయాకే తెలుస్తుంది.

లేచి చెప్పిన మనిషిని మేం అడిగేవి తక్కువే. నువ్వు చూసినదానికి మొదటి ఖర్చు ఎవరిది, నీదా మాదా? ఇందులో లాభపడే మనిషి ఎవరు, పేరు చెప్పు. దీన్ని మూడు నెలలు ఆపితే నీకు అభ్యంతరమా? ఒక సంఘంలో ఒకాయన తన స్థలం పక్కనే కొత్త మందిరం కట్టాలని ప్రభువు చూపించాడన్నాడు. మూడో ప్రశ్న దగ్గర ఆయనకి కోపం వచ్చి లేచి వెళ్లిపోయాడు. మా పల్లెలోనే ఒక వితంతువు, ఇటుక బట్టీలకి వలసపోయే వాళ్ల పిల్లలు బడి మానకుండా తన ఇంట్లో ఉంచుకోమని ప్రభువు చెప్పాడంది. మొదటి ఖర్చు నాదే, బియ్యం నావే, సంఘం కూరగాయలు చూడండి చాలు అంది. ఆమెని మూడు నెలలు ఆపాల్సిన పని రాలేదు.

ఇంక చివరిగా జనరల్ బాడీ సంగతి. దర్శన వాక్యాన్ని మినిట్స్ పుస్తకంలో తేదీతో ఎక్కించి, పాస్టరుగారు మారినా మారకుండా ఉండేటట్టు పెద్దలందరితో సంతకాలు పెట్టించండి. వచ్చే ఏడు జనరల్ బాడీలో జమాఖర్చులకంటే ముందు దాన్ని చదివించండి, ఆ నల్లబల్ల దగ్గర నిలబడ్డ పిల్లతోనే. ఏ ఇంటికి ఎవరు వెళ్లారో, ఎవరు వెళ్లలేదో పేర్లతో చెప్పాలి. ఆదివారం ఆరాధన తర్వాత పెడితే అన్నాలకి వేళైందని సగంమంది లేచిపోతారు, కాబట్టి శనివారం సాయంత్రం పెట్టుకోండి. సీజనులో అయితే అది కూడా కుదరదు, బ్యారన్లు ఆరిపోయిన తర్వాత ఏప్రిల్ చివర్లో పెట్టుకోండి.